తమ్ముడికి డౌన్ సిండ్రోమ్ ఉంటే నా పెళ్లి ఆగాలా?

ప్రశ్న: మాది ఆదోని. నాకు 25 ఏళ్లు. తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా ఉండే స్థితి. ఎమ్మిగనూరు సంబంధం ఖాయమవుతుందనగా, ‘మీ రక్తంలోనే ఉందేమో, రేపు పుట్టే బిడ్డకూ వస్తే?’ అని అబ్బాయి తరఫు వాళ్లు వెనకాడుతున్నారు. గ్రహణం రోజు బయటికెళ్లినందుకే వాడిలా పుట్టాడని అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. వచ్చే సంబంధాలకైనా వాడి సంగతి చెప్పొద్దని పెద్దమ్మ అంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ అమ్మగారి సంగతి. గ్రహణానికీ మీ తమ్ముడికీ ఏ సంబంధమూ లేదు. ఆమె తప్పేమీ లేదు. పక్కన కూర్చుని ఈ మాట మీరే చెప్పండి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, ఉంటాయి. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు ఈ జతలు విడిపోవాలి. ఒక్కోసారి 21వ జత విడిపోదు. ఎక్కువగా అండంలోనే ఇలా జరుగుతుంది. అప్పుడు బిడ్డకు 21వ క్రోమోజోము మూడు వస్తాయి, మొత్తం 46 బదులు 47. డౌన్ సిండ్రోమ్ ఉన్న వందమందిలో సుమారు 95 మంది సంగతి ఇదే. ఇది వంశంలో నడిచి వచ్చేది కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం ఎక్కువ, అయితే చిన్న వయసు తల్లులకూ జరుగుతుంది. ఈ అదనపు క్రోమోజోము సంగతి 1959లోనే తేలింది. ఇన్నేళ్ల తర్వాత కూడా తల్లులు తమను తాము తిట్టుకుంటుంటే నాకు చాలా బాధేస్తుంది.

మిగిలిన కొద్దిమందిలో కొందరికి 21వ క్రోమోజోము వేరే దానికి అతుక్కుని ఉంటుంది. దీన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ఇది మాత్రం అమ్మ నుంచో నాన్న నుంచో రావచ్చు, ఏ లక్షణమూ లేని అక్కచెల్లెళ్లలోనూ ఉండొచ్చు. అందుకే అబ్బాయి వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను.

తమ్ముడి పాత ఫైలు తీయండి. కార్యోటైప్ (రక్తంలోని కణాల్లో క్రోమోజోములను చూసే పరీక్ష) రిపోర్టులో ‘47, ఎక్స్‌వై, ప్లస్ 21’ అని ఉంటే మీకు ఏ పరీక్షా అక్కర్లేదు. ట్రాన్స్‌లొకేషన్ అని ఉంటే మీరూ రక్తపరీక్ష చేయించుకోండి. మీలోనూ ఉందని తేలితే, పిల్లల గురించి జన్యు వైద్యులతో ముందే మాట్లాడుకోవాలి. అసలు రిపోర్టే లేకపోతే తమ్ముడికి ఇప్పుడైనా చేయించొచ్చు, కాస్త రక్తం చాలు. కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరును అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది.

తమ్ముణ్ని మాత్రం దాచకండి. పెళ్లయ్యాక తెలిస్తే ఆ గొడవ మీ మీదికే వస్తుంది. రిపోర్టు చేతికొచ్చాక అబ్బాయితో మీరే నేరుగా మాట్లాడండి, వీలైతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అంతా విన్నాక కూడా తమ్ముడు ఉన్నాడనే వద్దంటే, ఆ సంబంధం వదిలేయండి. రేపు వాడికి జ్వరమొచ్చి చూడ్డానికి వెళ్తానన్నా మిమ్మల్ని అక్కడ సూటిపోటి మాటలంటారు.