మూడు పేర్లు రాసివ్వమన్నారా? మూడోదాని దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి

మీరు అడిగింది ఇదీ: జూన్‌లో నొవిషియేట్‌లో (సిస్టర్ కావడానికి ముందుండే శిక్షణ దశ) అడుగుపెడుతున్నారు. సిస్టర్‌గా ఏ పేరు కావాలో వరుసగా మూడు రాసివ్వమన్నారు. జ్ఞానస్నానం పేరు శౌరమ్మ, టెన్త్ సర్టిఫికెట్‌లో స్వాతి. ఏం రాయాలి, ఆధార్ కూడా మార్చుకోవాలా?

ఫార్మేషన్ ఇళ్ళలో ఇలాంటి చీటీలు చాలా చూసిన అనుభవంతో చెప్తున్నాను. మొదటి పేరు కోసం అందరూ నెలల తరబడి జపం చేస్తారు. రెండోది పక్క మంచం అమ్మాయిని అడిగి రాస్తారు. మూడోది, చీటీ ఇచ్చే పొద్దున గడి ఖాళీగా ఉండకూడదని నింపుతారు. తీరా ప్రొవిన్షియల్ కౌన్సిల్ (ప్రావిన్స్ అనే సభ ప్రాంతీయ విభాగాన్ని నడిపే పెద్దలు) ముందుకు వెళ్ళాక మొదటిది పోతుంది, ఒక్కోసారి రెండోదీ పోతుంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు, ప్రావిన్స్‌లో ఆ పేరుతో ఇప్పటికే ఒకరు ఉంటారు. ఒకే ఇంట్లో ఇద్దరు అల్ఫోన్సాలుంటే ఉత్తరాలు తారుమారవుతాయి, మందులు తారుమారవుతాయి, చివరికి ‘పెద్ద అల్ఫోన్సా, చిన్న అల్ఫోన్సా’ అని పిలుపు స్థిరపడిపోతుంది. చీటీ మీద మీరు రాసేది కోరిక మాత్రమే, పేరు పెట్టేది సభ, అంటే మీరు చేరే సిస్టర్ల సంఘం. అందుకని గడి నింపడానికి రాసిన మూడో పేరే జీవితాంతం మీదైపోవచ్చు. వరుసలో ఏది వచ్చినా సంతోషంగా ‘చిత్తం’ అనగలిగేలా మూడూ రాయాలి.

మదర్ తెరెసా విషయంలో కూడా ఇలాంటి చిక్కే వచ్చింది. స్కోప్యేలో పుట్టిన ఆన్యెజె గోంజె బొయాజియు 1928లో లొరెటో సిస్టర్లలో చేరినప్పుడు ఆమె మనసులో ఉన్నది లిజ్యూ తెరేసమ్మ, అంటే మనం లిటిల్ ఫ్లవర్ అని పిలుచుకునే ఆవిడ. ఆ ఫ్రెంచ్ రూపంతో అక్కడ అప్పటికే ఒక సిస్టర్ ఉండడంతో స్పానిష్ వాళ్ళు రాసే ‘తెరెసా’ను తీసుకున్నారు. పునీతురాలు (సెయింట్) మారలేదు, వర్ణక్రమం ఒక్కటే మారింది. మీకూ ఇది పనికొస్తుంది. మొదటి పేరు దొరకదని తెలిస్తే అదే పునీతురాలి పేరుకు ఇంకో రూపం ఉందేమో చూసి దాన్ని రెండో గడిలో రాయండి.

అసలు మార్చుకోవాలా అన్నది ముందు కనుక్కోండి. 1983 కానను చట్టంలో (కతోలిక శ్రీసభ చట్టం) కొత్త పేరు తప్పనిసరి అన్న నియమం లేదు, దాన్ని ఆయా సభల నిబంధనావళికీ ఆచారానికీ వదిలేశారు. కార్మెల్ మఠాల్లో, మిషనరీస్ ఆఫ్ చారిటీలో కొత్త పేరు ఇస్తారు. సలేషియన్ సిస్టర్లు జ్ఞానస్నానం పేరుతోనే ఉంటారు. జెస్యూట్లకు, మేత్రాసన (డయోసిస్) గురువులకు పేరు మార్పు లేనే లేదు. రెండో వాటికన్ మహాసభ తర్వాత చాలా సభలు పాత పేర్లకు తిరిగి వచ్చాయి. మాటపట్టు (సిస్టర్లు దేవుడికిచ్చే వ్రతం) జ్ఞానస్నానంలోంచే మొలిచింది కదా, ఆ రోజు పెట్టిన పేరు ఎందుకు తీసెయ్యాలన్నది వాళ్ళ వాదన. రెండూ సరైన ఆచారాలే. మీ సభలో ఎంపిక సభ్యులకే వదిలితే, మూడు గడుల్లో ఒకదాంట్లో ‘ఉన్న పేరే ఉంచుకుంటాను’ అని రాయొచ్చా అని నొవిస్ మిస్ట్రెస్‌ను (నొవిషియేట్‌లో శిక్షణ ఇచ్చే సిస్టర్) మొహమాటం లేకుండా అడగండి.

ఎందుకు అడగమంటున్నానంటే, శౌరమ్మ అన్న పేరును చాలామంది పల్లెటూరి పేరని తీసి పక్కన పెడతారు. శౌరి అంటే శవేరియారే. మీ పేరులో పునీత ఫ్రాన్సిస్ శౌరివారు ఉన్నారు, పండుగ డిసెంబరు 3. మన విచారణల్లో (పారిష్‌లలో) తాతల కాలం పేర్లు చాలావరకు ఇలాంటివే. ఇన్నయ్యలో ఇగ్నేషియస్ ఉన్నాడు, రాయప్పలో పేతురు, జోజయ్యలో జోసఫ్, యాగప్పలో యాకోబు ఉన్నారు. చిన్నప్ప అంటే పౌలు. లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడని, దాన్నే మన నోటికి దించారు. ఎక్కడో ఐరోపా పుస్తకంలో దొరికిన పేరు కన్నా ఈ పేరు ఏ విధంగానూ తక్కువ కాదు. పేరు కొంచెం ఆధునికంగా ఉండాలని సభ అంటే ‘సిస్టర్ శౌరి’ అన్నా సరిపోతుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే, బలవంతమేమీ లేదు.

కొత్త పేరే కావాలనుకుంటే కేలండర్ ముందేసుకుని కూర్చోండి. కాన్వెంట్‌లో పుట్టినరోజు కన్నా ఫీస్ట్, అంటే మీ పేరుగల పునీతుల పండుగ, పెద్దది. ఆ రోజు మీ ఉద్దేశంతో పూజ, భోజనాల దగ్గర పాట, మిగతా ఇళ్ళ నుంచి కార్డులు. కాబట్టి పేరుతో పాటు తేదీ కూడా రాయాలి. తెరేసా అని రాసి ఊరుకుంటే చాలదు. లిటిల్ ఫ్లవర్ అయితే అక్టోబరు 1, అవిలాపురి తెరేసమ్మ అయితే అక్టోబరు 15, కలకత్తా తెరెసా అయితే సెప్టెంబరు 5 (ఈ తేదీని సార్వత్రిక కేలండర్లోకి 2025లో చేర్చారు). ఫ్రాన్సిస్ అంటే అసిస్సీపుర ఫ్రాన్సిస్ అక్టోబరు 4, శౌరివారు డిసెంబరు 3, సలేసు ఫ్రాన్సిస్ జనవరి 24. అల్ఫోన్సా పేరుకైతే ఇంకో మెలిక ఉంది. కేరళలోని కుడమాళూరులో పుట్టిన అన్నకుట్టి 1928 ఆగస్టు 2న పోస్టులెంట్ (నొవిషియేట్‌కు ముందు దశ) ముసుగు వేసుకుంది. అది అప్పట్లో పునీత అల్ఫోన్సస్ లిగోరి పండుగ, అందుకే ఆ పేరు వచ్చింది. 1969 కేలండర్ మార్పుతో లిగోరి పండుగ ఆగస్టు 1కి జరిగింది. అల్ఫోన్సమ్మ కూడా 2008లో పునీతురాలై, తన పేరు మీదే జూలై 28 వచ్చింది. ఈ పేరు రాసేవాళ్ళు ఇద్దరిలో ఎవరి పండుగో స్పష్టంగా రాయాలి, లేకపోతే ఆఫీసులో వాళ్ళకు తోచిన తేదీ వేసేస్తారు.

అమ్మమ్మల పాత జపాల పుస్తకాల్లో తేదీలు చూసి రాయకండి. 1969కి ముందు లిటిల్ ఫ్లవర్ పండుగ అక్టోబరు 3, ఇప్పుడు కాదు. ఫిలోమినా పేరు మన ఊళ్ళలో ఇంటికొకటి ఉండేది, ఆవిడ పండుగను 1961లోనే కేలండర్ల నుంచి తీసేశారు. పేరు పెట్టుకోవడం తప్పేమీ కాదు, ఫీస్టుకు మాత్రం తేదీ వెతుక్కోవాలి. అలెగ్జాండ్రియా కేథరిన్‌ను 1969లో తీసేసి 2002లో మళ్ళీ చేర్చారు, నవంబరు 25. మార్త పేరు ఇష్టమైతే జూలై 29, 2021 నుంచి ఆ రోజు మార్తతో పాటు మరియ, లాజరులను కూడా స్మరిస్తున్నారు.

తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ రోజులు) పడే తేదీలు ఒకసారి చూసుకోండి. మార్చి 7 పెర్పెతువా, ఫెలిసితా దాదాపు ప్రతి ఏడూ తపస్సు కాలంలోనే వస్తారు. అప్పుడు స్మరణను కుదించి ఒక ప్రార్థనతో సరిపెడతారు. జోసఫ్‌గారి మార్చి 19కి ఆ బెంగ లేదు, అది మహోత్సవం, పండుగల్లో అన్నిటికన్నా పెద్ద తరగతి. శుక్రవారం పడినా మాంసం మానక్కర్లేదు. కానీ పవిత్ర వారంలో (ఈస్టర్‌కు ముందు వారం) పడితే వేరే రోజుకు మారుస్తారు, 2008లో మార్చి 15న చేశారు. మంగళవార్త మార్చి 25 కూడా అంతే, 2024లో అది పవిత్ర సోమవారం కావడంతో ఏప్రిల్ 8కి వెళ్ళింది. ఆగస్టు 15 మోక్షారోపణ మంచి పండుగే గాని స్కూలు నడిపే కాన్వెంట్‌లో జెండా వందనం హడావుడిలో మీ ఫీస్ట్ ఎవరికీ గుర్తుండదు. ఫిబ్రవరి 11 లూర్దుమాత పేరు తీసుకున్న విజయవాడ చుట్టుపక్కల సిస్టర్లు ఆ రోజు గుణదల తిరునాళ్ళ జనంలో ఉంటారు తప్ప ఇంట్లో ఉండరు!

జ్యోతి, కరుణ, నిర్మల, శాంతి లాంటి పేర్లు ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. మంచివే, జనం నోటికి చక్కగా అందుతాయి. వాటికి పునీతులు ఉండరు కాబట్టి ఒక పండుగకు ముడిపెట్టాలి. జ్యోతి అయితే ఫిబ్రవరి 2, కొవ్వొత్తుల పండుగ. 1997 నుంచి దైవాంకిత జీవిత దినం కూడా అదే. నిర్మల అంటే డిసెంబరు 8, నిష్కళంకమాత. కరుణ అంటే పాస్కా (ఈస్టర్) తర్వాతి ఆదివారం, 2000 నుంచి దాన్ని దైవకరుణ ఆదివారంగా పాటిస్తున్నారు, అయితే తేదీ ఏటా మారుతుంది. పుష్పకు అక్టోబరు 1 సహజంగానే కుదురుతుంది. ముడిపెట్టకుండా వదిలేస్తే ఆ పేరు వట్టి అందమైన మాటగా మిగులుతుంది. ధ్యానంలో కూర్చున్నప్పుడు ఎవరితో మాట్లాడాలో తెలీదు.

పెద అవుటపల్లి జోసఫ్ తంబిగారి మీద భక్తితో ఆయన పేరు కోరేవాళ్ళున్నారు. ఆయన దైవసేవకుడు, అంటే పునీతుడిగా ప్రకటించే దారిలో మొదటి మెట్టు మీదున్నారు, కేలండర్లో పండుగ లేదు. జోసఫ్ అన్న పేరు తీసుకుని మార్చి 19 రాస్తే సరి. ఆయన మీ ప్రార్థనలో ఎలాగూ ఉంటారు.

కార్మెల్‌లో పేరు వెనక ఒక బిరుదు కూడా చేరుతుంది. లిటిల్ ఫ్లవర్ 1888 ఏప్రిల్‌లో మఠంలో చేరింది, 1889 జనవరిలో అంగీ వేసుకునేనాటికి ‘బాల యేసు’ అన్న బిరుదు పక్కన ‘తిరుముఖం’ (యేసు ముఖం) కూడా చేర్చుకుంది. జర్మన్ తత్వవేత్త ఈడిత్ స్టైన్ 1934 ఏప్రిల్‌లో అంగీతో పాటు ‘సిలువ తెరేసా బెనెడిక్టా’ అయింది. మీది అలాంటి సభ కాకపోతే బిరుదులు చేర్చకండి. మూడు మాటల పేరును జనం రోజువారీ వాడకంలో ఒక మాటకు కుదించేస్తారు, ఏ మాట మిగలాలో మీ చేతిలో ఉండదు.

చీటీ ఇచ్చేముందు పేరును నోటితో పరీక్షించండి. గట్టిగా ఓ ఇరవైసార్లు పిలిపించుకోండి. ఫోన్‌లో చెప్పి అవతలివాళ్ళను రాయమనండి. స్కొలాస్టికా గొప్ప పునీతురాలే, కానీ డిస్పెన్సరీకి వచ్చే ముసలమ్మ ఆ పేరు పలకలేక ‘సిస్టరమ్మా’ దగ్గర ఆగిపోతుంది. ఇంగ్లిషులో ఎలా రాయాలో ఒక్కటే రూపం ఖాయం చేసి చీటీ మీదే రాయండి. తెరేసాలో టి తర్వాత హెచ్ ఉందా లేదా అన్నది ఇప్పుడు తేల్చకపోతే రిజిస్టర్‌లో ఒకలా, డైరెక్టరీలో ఒకలా, సమాధి రాయి మీద ఇంకోలా పడుతుంది.

ఇష్టమైన సిస్టర్ పేరనో, చనిపోయిన స్నేహితురాలి పేరనో రాసేవాళ్ళు ఎక్కువ. ఆ ప్రేమ మంచిదే, కాని ఆ సిస్టర్ రేపు సభ వదిలి వెళ్ళిపోతే పేరు గుచ్చుకుంటుంది. పునీతురాలి జీవితం ఒక కరపత్రంలో చదివి రాయడం ఇంకో పొరపాటు. ఆవిడ స్వయంగా రాసిన ఉత్తరాలో ధ్యానాలో ఉంటే కనీసం వంద పేజీలు చదివాక కూడా నచ్చితేనే రాయండి. రెండో వారానికి విసుగొస్తే ఆవిడ మీకు సరిపడలేదన్నమాట.

ఇక ఆధార్ సంగతి. ముట్టుకోకండి. సభ ఇచ్చే పేరు చట్టం దృష్టిలో పేరు మార్పు కాదు. అధికారికంగా మార్చాలంటే అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, గెజిట్ తతంగమంతా ఉంటుంది. ఆ తర్వాత టెన్త్ సర్టిఫికెట్, డిగ్రీ, నర్సింగ్ రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఒక్కోటీ వెంటపడి మార్పించాలి. ఒక్కటి మిగిలినా జీతం ఖాతా దగ్గరో వీసా దగ్గరో అది అడ్డం తిరుగుతుంది. ఆధార్‌లో పేరు జీవితంలో 2 సార్లే మార్చనిస్తారు. పైగా తాత్కాలిక మాటపట్టు 3 నుంచి 6 ఏళ్ళు, పొడిగిస్తే మొత్తం 9 ఏళ్ళ దాకా సాగుతుంది. ఈలోగా ఎవరైనా ఇంటికి తిరిగి వెళ్తే అన్నీ మళ్ళీ వెనక్కి తిప్పాలి. కాబట్టి ప్రభుత్వ కాగితాలన్నిటిలో స్వాతి, ఇంటి పేరుతో సహా, టెన్త్‌లో ఉన్నట్టే ఉండనివ్వండి. పేరు ముందు ‘సిస్టర్’ అని ఎక్కడా చేర్చకండి. పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీ వదలకండి. రేపు చదువుకు రోమ్ పంపితే అక్కడి పన్ను సంఖ్యను పాస్‌పోర్టులోని ఇంటి పేరు, పేరు అక్షరాలతో మొదలుపెట్టి కడతారు. స్కూలు బోర్డు మీద, చర్చి కరపత్రం మీద సిస్టర్ పేరు, సంతకం పెట్టే రిజిస్టర్లో సర్టిఫికెట్ పేరు. ఈ రెండూ కలవనివ్వకపోతే చాలు.

మీకు అసలు చిక్కు ఇంకోటుంది. నొవిషియేట్‌కు ముందు జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పత్రాలు ఇవ్వాలి. వాటిలో శౌరమ్మ ఉంటుంది, టెన్త్‌లో స్వాతి. ‘ఇద్దరూ ఒక్కరే’ అని విచారణ గురువుగారి ముద్రతో ఒక ఉత్తరం ఇప్పుడే రాయించుకుని ఫైల్లో పెట్టండి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉన్నాయేమో చూసుకోండి.

చీటీలో ఒక్కో పేరు పక్కన పునీతులెవరో, పండుగ తేదీ, ఇంగ్లిషు రూపం, ఎందుకు కోరుతున్నారో ఒక్క వాక్యం రాయండి. కాపీ ఒకటి ఉంచుకోండి. ఏ పేరు వచ్చినా, నిత్య మాటపట్టు అయ్యాక ఆ సంగతిని మీ ఊరి విచారణలోని జ్ఞానస్నాన పుస్తకంలో రాయాలని కానను చట్టం 535 చెబుతుంది. ఆ పుస్తకంలో గురువుగారు వెతికేది కొత్త పేరు కోసం కాదు, శౌరమ్మ కోసం. సభ నుంచి వెళ్ళే ఉత్తరంలో రెండు పేర్లూ ఉన్నాయో లేదో ఆ రోజు మీరే ఒకసారి చూసి పంపించండి.