పిల్లలతో పాకాల, తాడ్వాయి అడవికి వెళ్తే ఏం చూసుకోవాలి?

హన్మకొండ నుంచి ఏప్రిల్‌లో పిల్లల్ని, ముసలివాళ్లను తీసుకుని రెండు రోజులు పాకాల, తాడ్వాయి వెళ్తామన్నారు. చెరువు కట్ట కింద వండుకోవచ్చా, కోతులకు ఏం తీసుకెళ్లాలి అని అడిగారు. వంట వద్దు. కోతులకు ఏమీ తీసుకెళ్లొద్దు.

ముందు పొయ్యి సంగతి. ఏప్రిల్‌ నాటికి టేకు ఆకంతా రాలి, కాలు పెడితే అప్పడంలా నలుగుతుంది. మూడు రాళ్లు పెట్టి వండుకుని, బిందెడు నీళ్లు పోసి ఆరిపోయిందనుకుంటారు. పైన బూడిదే తడుస్తుంది, అడుగున, వేర్ల సందులో నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. సాయంత్రం గాలి లేచేసరికి మీరు నర్సంపేట దాటి ఉంటారు. సిగరెట్ ముక్కతోనూ ఇంతే. పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది కాబట్టి చాలామంది దాన్ని చూడ్డానికి వెళ్లే జాగాలాగే చూస్తారు. కానీ చుట్టూ ఉన్నది అభయారణ్యం, తాడ్వాయి ఉన్న ఏటూరునాగారం వైపు కూడా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడం నేరం. చెత్త పారేయడం, జంతువుల్ని సతాయించడం కూడా నేరమే.

ఇంట్లోనే చేసి స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి. పులిహోర, జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి ఆగుతాయి, పెరుగన్నం ఆ ఎండకు మధ్యాహ్నానికే పులిసిపోతుంది. నీళ్లు మనిషికి మూడు లీటర్లు, అవి గాక కారులో ఇంకో ఐదు. ఖాళీ సంచులు రెండు తీసుకెళ్లండి, తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి. అరటి తొక్కలు, నారింజ తొక్కలు కూడా వాటిలోనే వేయాలి. తొక్కే కదా మట్టిలో కలుస్తుంది అంటారు. కలిసేలోపు దాని కోసం కోతి రోడ్డెక్కుతుంది. చిప్స్ కవర్లకు ఉప్పు అంటి ఉంటుంది, జింకలు వాటిని నాకుతూ కవరుతో సహా మింగేస్తాయి.

కోతులకు పెట్టకపోతే పాపం కదా అంటారు. తాడ్వాయి మీదుగా పోయేది 163వ జాతీయ రహదారి, ఇసుక లారీలు ఆగకుండా తిరుగుతుంటాయి. ఒక కారు ఆగి బిస్కెట్లు విసిరితే, పిల్లను కడుపుకు కరుచుకున్న తల్లికోతి తారు మీదికి వస్తుంది. వెనుక వచ్చే లారీకి దాన్ని చూసి ఆగే వీలుండదు. అంతేకాదు, చేతిలోంచి తినడం మరిగిన కోతి రేపు చెయ్యి ఖాళీగా ఉంటే కరుస్తుంది, మొదట దొరికేది పిల్లలే. కాబట్టి అద్దాలు ఎక్కించి, ఆగకుండా, నలభై స్పీడులో పోండి. హారన్‌ కొట్టకండి. కొడితే జింక అవతలికి పోదు, బెదిరి బండి ముందుకే దూకుతుంది.

ఇప్పపూలు రాలే కాలం కూడా అదే. తెల్లవారుజామున ఎలుగుబంట్లు వాటి కోసం వస్తాయి. ఎలుగు మీద పడేది చాలాసార్లు మనిషి హఠాత్తుగా ఎదురైనప్పుడే. నడవాల్సి వస్తే బాగా తెల్లారాక, అటవీ శాఖ వాళ్లు చెప్పిన దారిలోనే, గుంపుగా, మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్లండి. స్పీకర్‌లో పాటలు మాత్రం వద్దు. చెరువులో మొసళ్లుంటాయి, నాచు పట్టిన ఒడ్డున కాళ్లు కడుక్కోవడం, పిల్లల్ని నీళ్లలో ఆడించడం పనికిరాదు. సబ్బు, షాంపూ వాగు దగ్గర అసలు తీయొద్దు.

పాము కరిస్తే తాడు కట్టకండి, గాటు పెట్టకండి. ఉంగరాలు, వాచీ, కడియాలు తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి, పసరు మందుల జోలికి పోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. లోపల ఫోన్‌ సిగ్నల్‌ అన్నిచోట్లా ఉండదు, 108కి ఫోన్‌ కలుస్తుందని ధీమా పెట్టుకోవద్దు. దగ్గరి ఆస్పత్రి దారి ముందే తెలుసుకోండి.

గూడేల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో బీడీలు చుట్టే తునికాకు కోత. ఊరి పక్క ఖాళీ జాగాలో యాభై ఆకుల కట్టలు వరసగా ఎండబెట్టి కనిపిస్తాయి, అది కల్లం. ఖాళీ స్థలం కదా అని బండి ఎక్కించినా, పిల్లలు కట్టలు తొక్కినా ఆకు చిట్లిపోతుంది, చిట్లిన కట్టను కొనేవాళ్లు పక్కన పెట్టేస్తారు. ఒక ఇంటి కూలీ మీ టైరు కింద పోయినట్టే. ఇప్పచెట్టు కింద ఊడ్చి శుభ్రంగా ఉంచిన నేల కనిపిస్తే ఆ చెట్టు పూలు ఎవరో ఏరుకుంటున్నారని అర్థం, పిల్లల్ని ఏరనివ్వొద్దు. ఫొటో తీయాలంటే ముందు అడగండి, ముఖం తిప్పుకుంటే వదిలేయండి. పేర్లు తెలియకపోతే అక్కా, అన్నా అనండి. గద్దెలు, అంటే వనదేవతలను కొలిచే అరుగులు, కనిపిస్తే చెప్పులు విడిచి, దూరం నుంచే దండం పెట్టుకోండి.

బాత్రూం అవసరాలు నర్సంపేటలో, ములుగులో బంకుల దగ్గరే తీర్చుకోవడం మేలు. తప్పకపోతే నీటికి డెబ్బై పెద్ద అంగల దూరం వెళ్లి జానెడు లోతు గుంత తీసి పూడ్చేయండి. తడి వైప్స్ మాత్రం పూడ్చకండి, సంచిలో వేసి వెనక్కి తెండి.

బొగత జలపాతం ఈసారికి వదిలేయండి, ఏప్రిల్‌లో ధార సన్నబడిపోతుంది. తాడ్వాయి నుంచి సాయంత్రం నాలుగున్నరకల్లా బయల్దేరితే చీకటి పడకముందే ములుగు చేరతారు.