ఓపెనింగ్స్ కాదు, ముందు ఆ డ్రా సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. ఏడాదిగా చెస్ ఆడుతోంది, ఆన్‌లైన్‌లో రేటింగ్ 1500 దాటింది. మొన్న మొదటి టోర్నమెంట్‌లో చివర్లో ఒక బంటు ఎక్కువ ఉండి కూడా ఆట డ్రా చేసుకుని బాగా ఏడ్చింది. ఓపెనింగ్స్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుసలు) బట్టీ పట్టించమని కొందరు అంటున్నారు. చదువు కాస్త తగ్గించి చెస్ మీదే పెట్టమంటారా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి ఏం నేర్పాలో ఆ డ్రాయే చెబుతోంది. ఇంట్లో బోర్డు తీయండి. తెల్ల రాజును ఇ6లో (ఇ నిలువు వరుసలో తెల్ల వైపు నుంచి ఆరో గడి), తెల్ల బంటును ఇ5లో, నల్ల రాజును ఇ8లో పెట్టండి. ఎత్తు ఎవరిదైనా గెలుపు తెల్లదే. ఇప్పుడు బంటును ఇ6కి జరిపి, తెల్ల రాజును దాని వెనక ఇ5లో, నల్ల రాజును ఇ7లో పెట్టండి. నల్ల రాజు నేరుగా ఇ8కే వెనక్కి తగ్గి, తెల్ల రాజు ముందుకొస్తే దానికి ఎదురుగా నిలబడితే చాలు, ఆట డ్రా. అదే రాజు, అదే బంటు. రాజు బంటుకు ముందున్నాడా, వెనకున్నాడా అన్నదే తేడా. ఇది చేత్తో పదిసార్లు ఆడి చూసిన పిల్ల మళ్లీ అలా తడబడదు.

ఓపెనింగ్స్ వద్దని కాదు. తెల్లకు ఒకటి, నల్లకు ఒకటి రెండు చాలు. ఇటాలియన్ గేమ్ అనే ఓపెనింగ్‌లో బిషప్‌ను సి4కి ఎందుకు తెస్తామని అడగండి. అక్కడి నుంచి అది గురిపెట్టే ఎఫ్7 గడికి మొదట్లో నల్ల రాజు ఒక్కడే కాపలా, అందుకని చెప్పగలిగితే ఆమెకు ఆ ఓపెనింగ్ వచ్చినట్టే. కారణం తెలియకుండా పదిహేను ఎత్తులు బట్టీ పడితే, ఎదుటివాళ్లు నాలుగో ఎత్తులోనే దారి మార్చగానే టెన్షన్ మొదలవుతుంది.

రేటింగ్ గురించి ఒక మాట. ఆన్‌లైన్ అంకె, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) అంకె ఒకటి కావు. ఫిడే రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు ఆడాలి. 2024 నుంచి 1400 కంటే తక్కువ ఉంటే జాబితాలోకే ఎక్కదు. ఈ వయసు పిల్లలకు సమానమైన రేటింగ్ ఉన్నవాళ్ల మీద గెలిస్తే 20 పాయింట్లు వస్తాయి, ఓడితే 20 పోతాయి. అందుకే ఒక్క టోర్నమెంట్‌లోనే అంకె బాగా ఎగిరిపడుతుంది. దాన్ని చూసి పిల్లను మెచ్చుకోకండి, కోప్పడకండి.

చదువు తగ్గించే విషయానికొస్తే, ఇప్పుడు వద్దనే నా సలహా. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగ్‌తో పాటు నార్మ్‌లూ (టోర్నమెంట్లలో నిర్ణీత స్థాయి ప్రదర్శనలు) సాధించాలి. అంత ఎత్తుకు వెళ్లేవాళ్లు చాలా కొద్దిమంది, ఆట మీదే బతకగలిగేవాళ్లు వాళ్లలోనూ కొద్దిమందే. చెస్‌లో ఆర్బిటర్ (ఆట నిర్ణేత), ట్రైనర్ దారులూ ఉన్నాయి, కానీ 12 ఏళ్లకే వాటి గురించి తేల్చుకోనక్కర్లేదు. రోజుకో గంట క్రమం తప్పకుండా ఆడనివ్వండి. అందులో సగం ఎండ్‌గేమ్‌లకు (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశ), తన ఆటలు తాను తిరగేసుకోవడానికి పోవాలి. మూడేసి నిమిషాల ఆన్‌లైన్ ఆటలు సెలవు రోజులకు ఉంచండి.

ఆ డ్రా ఆట ఎత్తులు రాసుకున్న కాగితం దాచే ఉంచి ఉంటుంది. గెలిచావా అని కాకుండా, ఎక్కడ తప్పిందో నాకు చూపించవా అని అడగండి. మీకు చెస్ రాకపోయినా ఫర్వాలేదు, వివరించి చెప్పడంలోనే ఆ తప్పు ఆమె కంటపడుతుంది.