మా లెవెల్ డిజైనర్‌తో రోజూ గొడవే సార్!

ప్రశ్న: గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నలుగురం కలిసి యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక గేమ్ చేస్తున్నాం. కోడింగ్ నాది. లెవెల్స్ చేసే ఫ్రెండ్ రెండు వారాలుగా బూడిద రంగు డబ్బాలు పేరుస్తూనే ఉన్నాడు. పైగా అది మార్చు, ఇది మార్చు అని నా ప్రాణం తీస్తున్నాడు. అసలు ఇదొక ఉద్యోగమేనా సార్? ఇతనితో ఎలా వేగాలి?

జవాబు: ఉద్యోగమే బాబూ. ఆ డబ్బాలే అతని పని. గ్రేబాక్స్ అంటారు దాన్ని. ఆడేవాడు ఎటు నుంచి వస్తాడు, ఎక్కడ ఆగుతాడు, ఎంత దూకాలి అన్నీ ముందు డబ్బాలతోనే తేల్చుకోవాలి. బొమ్మలు వేసేశాక గోడ జరపాలంటే ఆర్టిస్ట్ కష్టం బూడిదలో పోసినట్టే.

నువ్వు బ్రాడీపేటలో తిరిగే ఉంటావు. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అంటే కొత్తవాడు కూడా ఎవర్నీ అడక్కుండా వెళ్లిపోతాడు. అతన్నే విజయవాడ వన్‌టౌన్ సందుల్లో వదిలితే రెండు మలుపులకే తికమకపడతాడు. కొండ కనబడితే మాత్రం మళ్లీ దిక్కు తెలుస్తుంది. చెప్పకుండా దారి చూపించడం ఎలా అనేదే మీవాడి బుర్రలో రోజంతా తిరిగే ప్రశ్న. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ ఆడి చూడు. మొదలైన కొద్ది క్షణాలకే ఒక శత్రువు ఎదురొస్తుంది. దూకమని స్క్రీన్ మీద ఎక్కడా రాసి ఉండదు. ఒకసారి చచ్చిన పిల్లాడు రెండోసారి తనే దూకుతాడు.

గొడవలు ఎక్కువగా అంకెల దగ్గర వస్తాయి. హీరో జంప్ 2 మీటర్లని నమ్మి అతను గట్లన్నీ 1.8 మీటర్ల ఎత్తున కట్టాడనుకో. నువ్వు ఓ రాత్రి జంప్‌ని 1.5కి తగ్గిస్తే, తెల్లారేసరికి ఏ గట్టూ ఎక్కలేం. అందుకే నడక వేగం, జంప్ ఎత్తు, తలుపు వెడల్పు ముందే కూర్చుని ఖాయం చేసుకోండి. మార్చక తప్పకపోతే ముందు అతనికి చెప్పు. తలుపు తెరుచుకునే వేగం లాంటివి కోడ్‌లో దాచకుండా సీరియలైజ్ ఫీల్డ్‌గా, అంటే కోడ్ ముట్టకుండా మార్చగలిగే విలువగా పెట్టు. యూనిటీలో విలువలు చూపించే ఇన్‌స్పెక్టర్ ప్యానెల్‌లో అతనే మార్చుకుంటాడు, నీకూ టెన్షన్ తగ్గుతుంది. లెవెల్ సేవ్ అయ్యే సీన్ ఫైల్ ఒకే దాని మీద మాత్రం ఇద్దరూ పనిచేయకండి. అందరి మార్పుల్నీ ఒకచోట చేర్చే గిట్‌లో కలిపేటప్పుడు ఎవరో ఒకరి పని పోయే ప్రమాదం ఉంది.

ఇంకా తేలని వాదన ఉంటే ఈ ఆదివారం గేమ్‌ని ఇంట్లో తమ్ముడికో చెల్లికో ఇచ్చి, మీరిద్దరూ వెనక కూర్చోండి. నోరు మెదపకూడదు. ఎక్కడ తడబడితే అది రాసుకోండి. ‘అటు కాదు, ఇటు’ అనాలని నాలుక దురద పెట్టిందా, మార్చాల్సింది అక్కడే.

పెద్ద స్టూడియోల్లో లెవెల్ డిజైనర్‌ది వేరే పోస్టు. చిన్న టీముల్లో గేమ్ డిజైనరే ఆ పనీ చూస్తాడు. ఫ్రాన్స్ గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ 2008 నుంచి పుణెలో ఉంది, హైదరాబాద్, బెంగళూరుల్లో వేరే కంపెనీల గేమ్ స్టూడియోలున్నాయి. ప్రోగ్రామర్లతో పోలిస్తే ఫ్రెషర్లకు అవకాశాలు తక్కువే, ఈ మాట దాచను. అక్కడ మార్కుల కన్నా ఆడించి చూపగల లెవెల్‌కే విలువ. అందుకే మీవాణ్ణి మొదటి స్కెచ్, డబ్బాల దశ వీడియో, చివరి రూపం మూడూ దాచుకోమను. ఆ డబ్బాల ఫైళ్లు నువ్వు మాత్రం డిలీట్ చేయకు.