బాలింత పథ్యం గురించి చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటోలో కంచం చూశాను. గుప్పెడు అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు లేదు, కూర లేదు, మజ్జిగ లేదు. "ఎంతకీ ఆకలి తీరట్లేదు పెద్దమ్మా, అడిగితే బాలింతవి అంత తినకూడదంటున్నారు" అని రాశావు. ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా, ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ ప్రతి వీధిలో విన్న మాటే ఇది.

మన పథ్యంలో పెట్టేవాటితో నాకు పేచీ లేదు. శొంఠి, మిరియాలు, వాము, కరివేపాకు పొడి, మునగాకు, బీరకాయ అన్నీ తిను. కాయం, అదే బాలింతకు పెట్టే మందు ఉండ, అది కూడా ఇంట్లో చేసిందైతే చిన్న ఉండ తినొచ్చు. ఏమేం కలిపారో తెలియని డబ్బా మాత్రం ముట్టుకోకు. గొడవంతా వద్దనేవాటితోనే.

ముందు నీళ్ళ సంగతి. నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని, కుట్లు పచ్చిగా ఉంటాయని మా అమ్మ గట్టిగా నమ్ముతుంది. ఆవిడ ఇంట్లో ఉండగా నీకు రెండో గ్లాసు దొరకడం కష్టమే. కానీ పాలలో ఎక్కువ భాగం నీళ్ళే కదా, అవి నీ ఒంట్లోంచే రావాలి. నీళ్ళు తక్కువైతే విరేచనం గట్టిపడుతుంది. సిజేరియన్ కుట్లతో ముక్కాల్సి వస్తే ఆ నొప్పి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బిడ్డకు పాలివ్వడానికి కూర్చున్నప్పుడల్లా పక్కన ఒక గ్లాసు పెట్టుకో. కాచి చల్లార్చినవి తాగు, గోరువెచ్చగా ఉంటే అమ్మమ్మకూ అభ్యంతరం ఉండదు. చారు, పలచటి మజ్జిగ, రాగిజావ కూడా లెక్కలోకే వస్తాయి.

పప్పు తింటే చీము పడుతుందంటారు. చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. కోత మానాలంటే మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, చేపలో ఉంటాయి. కందిపప్పు ఉబ్బరంగా అనిపిస్తే పెసరపప్పుతో మొదలుపెట్టు. నువ్వు పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుందనేదీ అంతే. పసివాళ్ళకు జలుబు తెచ్చేది చూడటానికొచ్చి ముద్దులు పెట్టే చుట్టాలు.

ఇక ఎంత తినాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, మొదటి 6 నెలలు పాలిచ్చే తల్లికి మామూలు కన్నా రోజుకు దాదాపు 600 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే ఇంకో పూట భోజనమన్నమాట. దాన్ని ఒక్కసారే తినక్కర్లేదు. పొద్దున పదకొండుకు ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏదో ఒకటి తిను. రాత్రి రెండింటికి బిడ్డ లేచినప్పుడు నీకూ ఆకలేస్తుంది. మంచం పక్కన డబ్బాలో సున్నుండలో నువ్వుల ఉండలో పెట్టుకో. రెండు జామకాయ ముక్కలు తిన్నా మంచిదే, పండ్లు వద్దనేవాళ్ళ మాట వినకు. నెయ్యి మాత్రం ముద్దకొక చెంచా అక్కర్లేదు, ఆ చోట కూర పెట్టించుకో.

పాలు పడాలని మీ మామయ్య కాకినాడ నుంచి సొరచేప తెస్తానన్నాడట. మన తీరం వైపు బాలింతకు సొర పుట్టు పెట్టడం మామూలే, రుచీ బాగుంటుంది. అయితే సొర మిగతా చేపల్ని తిని బతికేది, దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. ఎప్పుడో ఒక్కసారి తిన్నావని కంగారు పడకు, రోజూ మాత్రం వద్దు. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు తెమ్మను. చవక, మంచివి కూడా. అసలు పాలు పట్టించేది బిడ్డ నోరే. రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పట్టు. ఎంత తాగితే అంత ఊరతాయి. మధ్యలో తేనె, చక్కెర నీళ్ళు ఎవరు నాకించబోయినా ఆపు. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం.

ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు సొరుగులో పడేశావని మీ అమ్మ చెప్పింది. తీసి వేసుకో. కాన్పులో రక్తం పోయింది కాబట్టి ఐరన్ మాత్ర 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి, కాల్షియం రోజుకు రెండు. రెండింటినీ కలిపి మింగకు, రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రను టీతోనో పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకో. విరేచనం నల్లగా వస్తే భయపడకు.

ఆడపడుచు పెళ్ళికి సన్నబడాలని డైటింగ్ ఇప్పుడు పెట్టుకోకు. అంతే, దాని గురించి ఇంకేం రాయను. తిండి సయించకపోయినా, రెండు వారాలు దాటాక కూడా ఊరికే ఏడుపొస్తున్నా, పథ్యం తేడా అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పు.

అమ్మమ్మతో వాదనకు దిగకు. ఆవిడ పెట్టిన కారం అన్నం రెండు ముద్దలు తిని, మిగతాది పప్పుతో తిను. ఈసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి, "పెరుగు తినొచ్చా, నీళ్ళు తాగొచ్చా" అని ఆవిడ ఎదుటే డాక్టరును అడుగు. మీ అమ్మతో నేను రేపు ఫోన్‌లో మాట్లాడతాను. ఈలోగా మధ్యాహ్నం కంచంలోకి పెసరపప్పు చేయించుకో.

మీ పెద్దమ్మ