ప్లైవుడ్ అక్వేరియం నిలుస్తుందా? మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. ఆరడుగుల గాజు అక్వేరియం చేయించాలని ధర అడిగితే నోట మాట రాలేదు. మా తమ్ముడు వడ్రంగి పని బాగా చేస్తాడు. ప్లైవుడ్‌తో పెట్టె కట్టి ముందు వైపు మాత్రం అద్దం బిగిస్తే నీళ్లకు ఆగుతుందా? మేడ మీద హాల్లో పెట్టి ఆస్కార్ చేపలు పెంచాలని ఉంది. – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆగుతుందండీ, భేషుగ్గా ఆగుతుంది. కానీ ముందు ఆ మేడ మీద అన్న మాట పక్కన పెట్టండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, లోపల రెండడుగుల నీళ్లు అనుకుంటే 24 ఘనపుటడుగులు, అంటే దాదాపు 680 లీటర్లు. నీళ్లే 680 కిలోలు. దానికి ప్లైవుడ్, అద్దం, ఇసుక, స్టాండు కలిపితే 900 కిలోల దాకా పోతుంది, అంతా పన్నెండు చదరపుటడుగుల జాగాలో. ఇళ్ల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువుకు లెక్కగడతారు, మీ తొట్టి అడుగున పడేది దానికి నాలుగింతలు. ఇంజినీరుకు చూపించకుండా మేడ మీద పెట్టొద్దు. కింద, నేల మీద గట్టి ఫ్లోరింగ్ ఉన్న చోటే పెట్టుకోండి, రసమట్టం వేసి నాలుగు మూలలూ సమంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక పెట్టె. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై (నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్), 19 ఎంఎం, 8×4 షీట్లు మూడు తీసుకోండి. ఎత్తు రెండున్నర అడుగులు పెడితే ముందు పలక, ఒక పక్క పలక ఒక షీటులో, వెనక పలక, రెండో పక్క పలక ఇంకో షీటులో, అడుగు పలక మూడోదాంట్లో వస్తాయి. మిగిలిన ముక్కల్ని పైన చుట్టూ పట్టీగా వేయండి. ఈ పట్టీ అక్కర్లేదని చాలామంది వదిలేస్తారు, కానీ నీళ్లు నిండాక పొడవాటి పలకలు మధ్యలో బయటికి ఉబ్బకుండా పట్టి ఉంచేది అదే. అతుకులకు మేకులు వద్దు, ఎపాక్సీ జిగురు రాసి స్టీలు స్క్రూలు బిగించమనండి.

ముందు పలకను మాత్రం ముక్కలుగా అతికించకండి, ఒకే పలకలో కిటికీ కోయించండి. కింద అయిదు అంగుళాలు, పైన ఏడు అంగుళాలు వదిలి మధ్యలో 18 అంగుళాల ఎత్తు, అయిదడుగుల పొడవు కోస్తే సరిపోతుంది. నీటి మట్టం కిటికీ పై అంచుకు ఒక అంగుళం పైన ఉంటుంది, గదిలోంచి చూసేవాళ్లకు నీళ్ల గీత కనపడదు, చూడటానికి ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. అద్దం 12 ఎంఎం మామూలుది చాలు. కిటికీ కంటే చుట్టూ రెండేసి అంగుళాలు పెద్దది తీసుకుని లోపలి వైపు నుంచి పెట్టాలి. బయటి నుంచి పెడితే నీళ్లు దాన్ని బయటికి తోసేస్తాయి. లోపలి నుంచి పెడితే అదే నీళ్లు అద్దాన్ని చెక్కకేసి అదుముతాయి. రెండడుగుల నీళ్లు ఆ ముందు పలక మొత్తాన్ని 340 కిలోల బలంతో తోస్తాయి మరి!

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. ప్లైవుడ్ బలం ఇస్తుంది, నీళ్లను ఆపేది మాత్రం లోపల వేసే ఎపాక్సీ పూతే. ఇది నాకు నా మొదటి తొట్టి నేర్పింది. నాలుగడుగులది, వెనక కింది మూలలో ఎపాక్సీ ఒక్కసారే వేశాను, గాలి బుడగ పగిలి సూది మొనంత రంధ్రం మిగిలింది, నా కంటికి ఆనలేదు. పన్నెండు రోజులు బాగానే ఉంది. పదమూడో రోజు పొద్దున కింద పరిచిన పేపరు మీద అరచేయంత తడి. వేలితో నొక్కితే ప్లై మెత్తగా ఉంది, పొరలు విడిపోయి పుస్తకం అంచులా విచ్చుకుంది. మొత్తం తీసి పారేశాను. చాలా బాధేసింది.

అందుకని మూలలకే ఎక్కువ టైం పెట్టండి. ఎపాక్సీలో సన్నటి రంపపు పొట్టు కలిపి ముద్దలా చేసి, ప్రతి మూలలో పూసి, చెంచా వెనక వైపుతో గుండ్రంగా లాగండి. దాని మీద మూడంగుళాల ఫైబర్ గ్లాస్ పట్టీ పరిచి ఎపాక్సీతో తడపండి, పట్టీ తెల్లగా కాకుండా అద్దంలా పారదర్శకం అయ్యేదాకా. ఆ తర్వాత లోపలంతా మూడు పూతలు, కిటికీ కోసిన అంచులకూ, స్క్రూ తలలకూ ఇంకొకటి ఎక్కువ. కోసిన అంచే నీళ్లను గబగబా తాగేది. తాగునీటి ట్యాంకులకు వాడే ఎపాక్సీ అయితే చేపలకు భయం లేదు.

ఎపాక్సీలో కలిపే రెండు భాగాలు, రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డనర్, కళ్లతో అంచనా వేయకండి, డబ్బా మీద రాసిన పాళ్లలో తూకం వేసి కలపండి. ఒకేసారి ఎక్కువ కలిపితే గ్లాసు చేతిలోనే కాలిపోయేంత వేడెక్కి గట్టిపడిపోతుంది, వేసవిలో అయితే మరీ తొందరగా. పావు కిలో చొప్పున కలుపుకోవడం మేలు. ముసురు రోజుల్లో పెట్టుకోవద్దు, తడి గాలికి కొన్ని రకాల ఎపాక్సీ పైన జిడ్డు పొర కడుతుంది. అలా కడితే నీళ్లతో రుద్ది కడిగి, ఆరాక ఉప్పు కాగితం పట్టించి, అప్పుడే తర్వాతి పూత వేయాలి.

అద్దం చివర్లో బిగించాలి. ఎపాక్సీ మీద సిలికాన్ (అద్దం అతికించే జిగురు) అంటుకుంటుంది, సిలికాన్ మీద ఎపాక్సీ అంటుకోదు, ఈ వరస తిరగబడితే మళ్లీ మొదటికొస్తుంది. సిలికాన్ కొనేటప్పుడు అక్వేరియంకు పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి, బాత్రూముల కోసం బూజు మందు కలిపినవి ఉంటాయి, అవి చేపలకు విషం. అద్దాన్ని గట్టిగా అదిమి సిలికాన్ అంతా బయటికి రానివ్వకండి, మధ్యలో మూడు ఎంఎం మందం మిగలాలి. వారం రోజులు ముట్టుకోవద్దు.

తర్వాత తొట్టిని వాకిట్లోనో వరండాలోనో పెట్టి, కింద పేపర్లు పరిచి, ఒకరోజు సగం, మర్నాడు నిండా నింపి వారం గమనించండి. ఆ నీళ్లు పారబోసి కడిగాకే లోపలికి. చేపలను అప్పుడే వదలకండి, ఫిల్టరులో మేలు చేసే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆస్కార్ ఒక్కోటి అడుగు దాకా పెరుగుతుంది, ఈ తొట్టికి రెండు, మహా అయితే మూడు.

ప్రశ్న: మా దగ్గర ఫైబర్ పడవలు చేసేవాళ్లున్నారు. ఎపాక్సీ బదులు వాళ్ల చేత ఫైబర్ వేయించొచ్చా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వేయించొచ్చు. అయితే పడవలకు ఎక్కువగా వాడేది పాలిస్టర్ రెసిన్, అది చెక్కను ఎపాక్సీ అంత గట్టిగా పట్టుకోదు. పల్చగా వేస్తే కొన్నాళ్లకు పెచ్చులా లేస్తుంది. వేయిస్తే ఫైబర్ గ్లాస్ మ్యాట్ రెండు మూడు పొరలు, దానంతట అదే తొట్టిలా నిలబడేంత మందంగా వేయించండి. ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఉంచి, నీళ్లు మార్చి మార్చి నానబెట్టాకే చేపలు వదలండి.

ప్రశ్న: మా ఊళ్లో కరెంటు గంటలు గంటలు పోతుంది. పెద్ద తొట్టి పెట్టుకుంటే చేపలు బతుకుతాయా అని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చేపలు తక్కువగా ఉంటే పెద్ద తొట్టే నయం అమ్మా, నీళ్లు ఎక్కువ కాబట్టి గాలి అంత త్వరగా అయిపోదు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి, లేదా ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పంపు దానికి కలపండి. కరెంటు లేనప్పుడు మేత మాత్రం వేయొద్దు. ఏదీ లేకపోతే చెంబుతో నీళ్లు తోడి అడుగెత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోస్తుండండి, ప్రతి అరగంటకు పది చెంబులు.