మౌంట్ సరిగ్గానే ఉంది, వేళ తప్పింది

ప్రశ్న: మా ఆఫీసులోని ఉబుంటు డెస్క్‌టాప్‌లకు /బ్యాకప్ ఫోల్డర్ ఒక సర్వర్ నుంచి ఎన్ఎఫ్ఎస్ (వేరే మెషీన్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద వాడుకునే పద్ధతి) ద్వారా వస్తుంది. కరెంటు పోయి వచ్చాక కొన్నింట్లో అది ఖాళీగా ఉంటోంది. ‘మౌంట్ -ఎ’ (జాబితాలోని ఫోల్డర్లను తగిలించే ఆదేశం) కొడితే వెంటనే వస్తోంది. బూట్ స్క్రిప్టులో ‘స్లీప్ 60’ పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: వద్దు. చేత్తో కొడితే వస్తోందంటే సర్వర్ పేరు, ఎక్స్‌పోర్ట్ (సర్వర్ పంచే ఫోల్డర్) దారి, అనుమతులు అన్నీ సరే. బూట్ సమయంలో ఏది ఆలస్యమైందో ముందు పట్టుకోవాలి. ‘జర్నల్‌సీటీఎల్ -బి -యు బ్యాకప్.మౌంట్’ కొట్టి ఈ బూట్ లాగ్ చూడండి. (ఈ ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.)

‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అని ఉంటే ఐపీ అందకముందే మౌంట్ మొదలైంది. సిస్టమ్‌డిలో (బూట్‌లో సర్వీసులను వరుసగా లేపే ప్రోగ్రాం) ‘నెట్‌వర్క్.టార్గెట్’ అనే దశ దాటినంత మాత్రాన ఐపీ వచ్చినట్టు కాదు. అందుకోసం ఆగేది ‘నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్’. అది కూడా నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ సర్వీసు ఎనేబుల్ అయి ఉంటేనే. బూట్ త్వరగా అవుతుందని దీన్ని ఎవరైనా ఆపేశారేమో చూడండి.

సర్వర్ పేరు దొరకలేదని ఉంటే, పేరునూ ఐపీనీ /ఈటీసీ/హోస్ట్స్‌లో రాస్తే చాలు.

‘టైమ్డ్ అవుట్’ వస్తే రెండు అనుమానాలు. మొదటిది స్విచ్. స్విచ్‌ల మధ్య లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీ పాత పద్ధతిలో నడుస్తుంటే, పోర్టు లైటు వెలిగాక కూడా లిజనింగ్‌కు 15, లెర్నింగ్‌కు 15, మొత్తం 30 సెకన్లు ప్యాకెట్లను వదలదు. స్టాటిక్ ఐపీ ఉన్న మెషీన్ ఈలోగా నెట్‌వర్క్ సిద్ధమనుకుంటుంది. మెషీన్లున్న పోర్టులకు ఈ ఆగడం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టించండి. స్విచ్‌లను కలిపే పోర్టులకు మాత్రం పెట్టొద్దు, లూప్ పడే ప్రమాదం ఉంది. రెండోది సర్వరే. అది లేవడానికి నాలుగు నిమిషాలు పడితే, 90 సెకన్లకే సిస్టమ్‌డి మౌంట్‌ను వదిలేస్తుంది. మళ్లీ ప్రయత్నించదు. అన్నిటికీ ఒకేసారి కరెంటు వచ్చే మీ ఆఫీసులో జరుగుతున్నది బహుశా ఇదే.

దీనికి మందు ఆటోమౌంట్. ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్‌ల జాబితా ఉండే /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ ఫైలు) /బ్యాకప్ వరుసను ఇలా మార్చండి:

సర్వర్:/బ్యాకప్ /బ్యాకప్ ఎన్ఎఫ్ఎస్ _నెట్‌డెవ్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్,ఎక్స్-సిస్టమ్‌డి.మౌంట్-టైమౌట్=30 0 0

‘సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్’ కొట్టి రీబూట్ చేయండి. ఇక బూట్‌లో సర్వర్ కోసం ఆగదు. ఎవరైనా /బ్యాకప్ తెరిచినప్పుడే మౌంట్ అవుతుంది. కామాల మధ్య ఖాళీ పడితే ఆ వరుస పనిచేయదు. ‘సాఫ్ట్’ ఆప్షన్ జోడించమని ఎవరు చెప్పినా వినకండి. సర్వర్ కాసేపు పలకకపోతే రాత మధ్యలోనే తెగి ఫైళ్లు పాడవుతాయి.

మీరు అడగని ప్రమాదం ఒకటుంది. మౌంట్ కాని రోజుల్లో నడిచిన బ్యాకప్ స్క్రిప్టు లోకల్ డిస్కులోనే రాసి ఉంటుంది. తర్వాత మౌంట్ అయ్యేసరికి ఆ ఫైళ్లు దాని కింద కప్పబడిపోతాయి. డిస్కు నిండుతుంది, ఎందుకో అంతుపట్టదు. కింద ఏముందో కనిపించాలంటే ‘మౌంట్ --బైండ్ / /ఎమ్ఎన్‌టీ’ కొట్టి /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్‌లో చూడండి. ఉన్నవాటిని సర్వర్‌కు చేర్చి, ఫోల్డర్ ఖాళీ చేసి, ‘చాటర్ +ఐ /ఎమ్ఎన్‌టీ/బ్యాకప్’ కొట్టండి (సీ-హెచ్-ఎ-టీ-టీ-ఆర్). మౌంట్ లేనప్పుడు ఇక రూట్ (అడ్మిన్ ఖాతా) కూడా అందులో ఫైలు సృష్టించలేదు. చివర్లో ‘యుమౌంట్ /ఎమ్ఎన్‌టీ’ మరవకండి.